తొలి కాపీ వినే ఉద్యోగం

మొన్న మిషిగన్‌లో మా ఊరు నోవైలో మా మనవరాలు నన్ను కళ్ల డాక్టరు దగ్గరికి కారులో తీసుకువెళుతూ దారిలో ఏదో పాట పెట్టింది. అది సగమైనా కాకముందే, "అమ్మమ్మా, ఇది నా ఫ్రెండ్ చేసిన సాంగ్, తన బెడ్‌రూమ్‌లోనే రికార్డ్ చేసింది, నీకు లైక్ అయ్యిందా? ఫైవ్‌లో ఎన్ని స్టార్స్ ఇస్తావు?" అని అడిగింది. నాకు వెంటనే ఏమీ తోచక, మళ్లీ మొదటి నుంచి ఒకసారి పెట్టమన్నాను. ఆ పిల్ల నవ్వేసి, "సెకండ్ టైమ్ ఎవరూ వినరు అమ్మమ్మా, నచ్చకపోతే నెక్స్ట్‌కి వెళ్లిపోతారు" అంది. తప్పుగా అన్న మాటేమీ కాదు, వాళ్ల కాలం సంగతి వాళ్లు చెబుతారు. కానీ ఆ మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. డాక్టరు నా కంట్లో చుక్కలు వేసి కాసేపు కళ్లు మూసుకుని కూర్చోమన్నప్పుడు, ఆ చీకట్లో నాకు కనబడింది డిట్రాయిట్ శివార్లలో ఒక తివాచీల దుకాణం వెనక ఉండే చిన్న గది, అందులో గోడ పొడుగునా పేర్చిన కేసెట్ యంత్రాలు, నా చెవులకి ఉన్న బరువైన హెడ్‌ఫోన్లు.

డెబ్భైల చివర్లో పెళ్లయి ఈ దేశం వచ్చినవాళ్లకి ఆ రోజులు వేరే చెప్పనక్కరలేదు. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. పొద్దున్నే మంచు గీకి కారు తీసుకుని వెళ్లిపోతే మళ్లీ చీకటి పడ్డాకే రావడం. నాకా, డ్రైవింగు రాదు, మంచులో నడవడం రాదు, పక్కింటివాళ్లతో ఏం మాట్లాడాలో తెలియదు. విజయనగరంలో మా మేనత్త దగ్గర చిన్నప్పటి నుంచీ సంగీతం నేర్చుకున్నదాన్ని కనుక, అలవాటు చొప్పున మొదటి వారంలోనే అపార్టుమెంటులో గొంతు విప్పాను. కింది వాటాలో ముసలాయన కర్రతో తన ఇంటి కప్పుని టకటకా కొట్టాడు. ఆయన్ని తప్పుపట్టను, గోడలు అట్టముక్కల్లా ఉండేవి. కానీ ఆ చప్పుడుకి నేను ఎంత జడిసిపోయానంటే, ఆ తరవాత వంట చేసుకుంటూ కూనిరాగం తీయడం కూడా మానేశాను. మాకు మిగిలిన సంగీతమల్లా కేసెట్లే. ఇండియా వెళ్లొచ్చిన వాళ్లు ఎవరు ఏ కేసెట్ తెచ్చినా దాన్నుంచి మరొకటి, ఆ మరొకదాన్నుంచి ఇంకొకటి కాపీ తీసుకుంటూ పోయేసరికి, చివరికి మన చేతికి వచ్చేదాంట్లో పాట కన్నా బుసబుసే ఎక్కువ వినబడేది. అయినా ఎంత అపురూపంగా దాచుకునేవాళ్లం!

అలాంటి కేసెట్ ఒకటి మా టేప్‌రికార్డరు నమిలేసింది. మా మేనత్త పాట ఉన్న ఒకే ఒక్క కేసెట్ అది. నేను రెండు రోజులు అన్నం సరిగ్గా తినకపోతే చూడలేక, మా ఆయన ఎవరినో వాకబు చేసి, ఒక శనివారం నన్ను ఆ తివాచీల దుకాణం వెనక గదికి తీసుకువెళ్లారు. అక్కడ ఉన్న పెద్దాయన పోలెండు నుంచి వచ్చిన కుటుంబం వాడు, కార్ల కర్మాగారంలో యంత్రాలు బాగుచేసి రిటైరయి, సొంతంగా కేసెట్లు కాపీలు తీసే పని పెట్టుకున్నాడు. ఆయన భార్య లేబుళ్లు టైపు చేసి అంటించేది. పాడైపోయిన టేపుని ఆయన కత్తిరించి, అతికించి, కొత్త డబ్బాలోకి ఎక్కిస్తూ ఉంటే నేను గోడ మీది కాగితం చదివాను. ఓపికగా వినగలిగిన మనిషి కావాలి అని రాసి ఉంది. అది నా పనే కదా అనిపించి, వచ్చీరాని ఇంగ్లీషులో అడిగాను. ఆయన ఒక టేపు పెట్టి, ఇందులో ఏమైనా లోపం ఉందేమో చెప్పమన్నాడు. అంతా విని, టేపు బాగానే ఉంది, రెండో పాటలో డ్రమ్ములు వాయించేవాడికి మాత్రం తొందర ఎక్కువ అన్నాను. ఆయన పగలబడి నవ్వి, "వాడు మా అల్లుడు, ఆ తొందర నేను బాగుచేయలేను" అన్నాడు. సోమవారం నుంచి నన్ను రమ్మన్నారు.

పని ఏమిటంటే, పెద్ద టేపు నుంచి తీసిన మొదటి కాపీని మొదటి నుంచి చివరిదాకా వినాలి. ఎక్కడైనా శబ్దం తగ్గిందా, గరగరలాడిందా, టేపు అయిపోయి పాట తెగిపోయిందా చూసి, బాగుంటేనే మిగతా కాపీలు తీయనివ్వాలి. అక్కడికి వచ్చేవాళ్లంతా పెద్ద కంపెనీలు తలుపు తీయనివాళ్లే. సొంతంగా పాటలు కట్టుకుని, ఎక్కడో ఒకచోట రికార్డు చేసుకుని, ఆ కేసెట్లని కారు వెనక పెట్టుకుని తిరిగి అమ్ముకునేవాళ్లు. పెళ్లిళ్లకి అకార్డియన్ వాయించే అన్నదమ్ములు, చర్చి గాయక బృందాలు, స్కూలు బస్సు నడుపుతూ సాయంత్రాలు జాజ్ పియానో వాయించే ఆయన, బేస్‌మెంట్లో తీగలూ మీటలూ పెట్టుకుని అంతరిక్షం నుంచి వచ్చినట్టుండే శబ్దాలు చేసే పళ్ల డాక్టరు, అందరూ వచ్చేవాళ్లు. వాళ్ల పాట లోకంలో మొట్టమొదట వినే పరాయి మనిషిని నేను. విజయనగరం పిల్లని, చీర మీద కోటు వేసుకున్నదాన్ని, నాకు ఆ భాగ్యం ఏమిటో అని ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

అన్నీ నచ్చాయని కాదు. నెత్తిన జుట్టు ముళ్లలా నిలబెట్టుకున్న నలుగురు కుర్రాళ్ల టేపు మొదటిసారి విన్నప్పుడు హెడ్‌ఫోన్లు పాడైపోయాయనుకుని యజమానికి చూపించాను. ఆయన భార్య నా పక్కన కుర్చీ లాక్కుని, "నీకు తెలిసిన సంగీతం అందులో వెతక్కు, వాళ్లకి ఏం కావాలో అది విను" అంది. మళ్లీ విన్నాను. ఆ గోలలో నలుగురూ ఒక్కసారిగా, ఒకే ఊపిరి మీద ఆగిపోవడం ఒకచోట వినబడింది. మృదంగం వాయించే ఆయన ముక్తాయింపు ఇచ్చి తాళంలో మొదటి దెబ్బ మీదికి వచ్చి వాలినంత కచ్చితంగా ఉంది. ఆ మాటే వాళ్లకి చెప్పాను. ఎన్నిసార్లు సాధన చేశామో మీకొక్కరికే తెలిసింది అని పొంగిపోయి, మర్నాడు డోనట్ల పెట్టె తెచ్చి ఇచ్చారు. మా మేనత్త పాఠం చెప్పేటప్పుడు ఉత్తినే బాగుంది అనేది కాదు, ఎక్కడ బాగుందో ఆ చోటు పట్టుకుని చెప్పేది. ఆ అలవాటు నాకు ఇంత దూరంలో ఇలా పనికొస్తుందని ఆవిడ ఊహించి ఉండదు.

మా యజమానికి మాత్రం ఒక నియమం ఉండేది. టేపు మనది, పాట వాళ్లది, కనుక పాట గురించి మెచ్చుకోలు తప్ప మరో మాట ఎత్తవద్దు అనేవాడు. నేనూ అలాగే నడుచుకున్నాను, ఒకావిడ వచ్చేదాకా.

ఎనభైలు మొదలైన రోజులవి. కార్ల కర్మాగారాల్లో మనుషుల్ని తీసేస్తున్నారు. మా ఆయన ఆఫీసులో కూడా ఎవరో ఒకరు సామాను అట్టపెట్టెలో సర్దుకుని వెళ్లిపోవడం మామూలైపోయింది. తన వంతు ఎప్పుడోనని ఆయన, అప్పుడు నా జీతంతో ఇల్లు నడుస్తుందా అని నేను, పైకి అనుకోకుండా లోపల లెక్కలు వేసుకుంటూ ఉండేవాళ్లం. అటువంటి ఒక శీతాకాలపు పొద్దున ఒక నల్లజాతి ఆవిడ టేపు పట్టుకుని వచ్చింది. నాకన్నా ఓ పదేళ్లు పెద్దదేమో. కర్మాగారంలో కారు సీట్లకి తొడుగులు కుట్టే పని చేసేది, అది పోయింది. చిన్నప్పటి నుంచి చర్చిలో పాడిన గొంతు. సొంతంగా పాటలు కట్టుకుని, ఊళ్లో మంచి స్టూడియోకి వెళ్లి, డ్రమ్ములూ బాకాలూ అన్నీ పెట్టించి రికార్డు చేయించింది. ఈ కేసెట్ తోనైనా తన దారి మారుతుందని ఆశ.

మొదటి కాపీ వింటూ కూర్చున్నాను. పాటలు మంచివి. అర్థంకాని మాటల్లో కూడా దుఃఖం దుఃఖంలాగే తెలిసేది. కానీ ఆ బాకాల హోరు మీదుగా వినబడాలని ఆవిడ గొంతు పైకి నెడుతూనే ఉంది, ఎక్కడా నిలబడి ఊపిరి తీసుకోవడం లేదు. చివరి పాట అయిపోయింది. టేపు ఎంతవరకు ఉందో చూడాలి కనుక నేను ఆపలేదు. కొంతసేపు నిశ్శబ్దం, ఎవరో దగ్గిన చప్పుడు, తరవాత ఆవిడ గొంతు ఒక్కటే, వాద్యాలేవీ లేకుండా, మొదటి పాటని చాలా కింది శ్రుతిలో, తనకోసమే అన్నట్టు నెమ్మదిగా పాడుకుంటోంది. స్టూడియోవాళ్లు యంత్రం ఆపడం మరిచిపోయినట్టున్నారు. రెండు చరణాలయ్యాక అది కూడా తెగిపోయింది. నేను హెడ్‌ఫోన్లు తీసేసరికి నా కళ్లు తడిగా ఉన్నాయి.

"ఎలా ఉంది?" అని ఎదురుగా కూర్చున్న ఆవిడ అడిగింది.

"టేపులో ఏ లోపం లేదు" అన్నాను.

"టేపు సంగతి కాదు. నా సంగతి అడుగుతున్నాను."

యజమాని లోపలి గదిలో ఉన్నాడు. ఆయన నియమం గుర్తుంది. కానీ ఆవిడ అడిగిన తీరులో, అబద్ధం చెబితే ఇట్టే కనిపెట్టేస్తానన్న హెచ్చరిక ఉంది.

"చివర్లో వాద్యాలు ఆగిపోయాక మీరొక్కరే పాడారు. అది నన్ను ఏడిపించింది. మిగతా పాటల్లో మీరు నాకు కనిపించలేదు" అన్నాను.

ఆవిడ ముఖం వాడిపోయింది. "అది పాట కాదు హనీ, ఊరికే కూనిరాగం. మిగతాదాని కోసం నా దగ్గరున్నదంతా పెట్టాను" అంది. లేచి, టేపు తీసి సంచిలో వేసుకుని, కాపీలు వద్దని చెప్పి వెళ్లిపోయింది. మంచులో ఆవిడ కారు ఎంతసేపటికీ స్టార్టు కాక మొరాయిస్తుంటే ఆ చప్పుడంతా నేను లోపల నిలబడి విన్నాను.

యజమాని నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా ఎదురుగా కూర్చుని, "నువ్వు చెప్పింది తప్పంటానా? ఆవిడ నోటితో అడిగింది నీ అభిప్రాయం, ఆ పూట ఆవిడకి కావలసింది మాత్రం ధైర్యం" అన్నాడు. ఇంటికి వెళ్లి చెబితే మా ఆయన తల పట్టుకున్నారు. "అడిగితే సూపర్ అని చెప్పెయ్యొచ్చు కదా! మన సిట్యుయేషన్ తెలిసి కూడా జాబ్ రిస్క్ చేస్తావా?" అన్నారు. నేను వెళ్లి గిన్నెలు తోముకోవడం మొదలుపెట్టాను. కాసేపటికి ఆయనే వంటగదిలోకి వచ్చి తుడిచే గుడ్డ తీసుకుని, "ఇంతకీ ఆ చివర్లో పాడింది ఎలా ఉంది? ఒకసారి పాడు, విందాం" అన్నారు. మాటలు గుర్తులేవు, స్వరం గుర్తుంది. నాకు తెలిసిన గమకాలు ఏవో దానికి చేరిపోయాయి, అయినా పాడాను. మొదట గొణుగుడులా, తరవాత గొంతు విప్పి. అమెరికా వచ్చాక మూడో చలికాలం అది, ఆ ఇంట్లో నేను పాట పాడటం ఆ మొదటి వారం తరవాత అదే. కింది నుంచి కర్ర చప్పుడు వస్తుందని ఎదురుచూశాం. రాలేదు. మా ఆయన గిన్నె తుడవడం మరిచిపోయి నిలబడిపోయారు. ఉద్యోగం ప్రస్తావన మళ్లీ తీసుకురాలేదు.

మంచు కరిగి రోడ్ల పక్కన బురదగా మారిన రోజుల్లో ఆవిడ మళ్లీ వచ్చింది. చేతిలో వేరే టేపు. "నీ మీద కోపం ఇంకా పోలేదు, అయినా విను" అని నా ముందు పెట్టింది. వాళ్ల చర్చి కింది అంతస్తులో భోజనాలు వండే గది ఉంటుందట, అక్కడ పాత పియానో మీద వాళ్ల పిన్ని వాయిస్తుంటే, చుట్టాల అబ్బాయి ఎవరో తెచ్చిన యంత్రంతో రికార్డు చేశారు. అవే పాటలు, కింది శ్రుతిలో. ఈసారి ప్రతి మాట చివరా ఆవిడ ఆగి, చుట్టూ చూసి, మళ్లీ అడుగు వేస్తున్నట్టుగా ఉంది. మూడో పాటలో ఆఖరి మాటకి ముందు ఒక ఊపిరి తీసుకుంది, ఆ ఊపిరి పాట కన్నా గొప్పగా ఉంది. ఆ చోటు ఆవిడకి మళ్లీ పెట్టి వినిపించి చూపించాను. అప్పుడు గాని ఆవిడ ముఖంలో బిగువు సడలలేదు.

రెండు పేచీలు మాత్రం వచ్చాయి. మొదటిది మా యజమానితో. టేపు అంతటా వెనకాల సన్నగా ఒక రొద ఉంది, అది ఆ వంటగదిలో ఫ్రిజ్ చప్పుడు. వినేవాళ్లు మన యంత్రాలదే లోపమనుకుంటారు, తగ్గిస్తానన్నాడు ఆయన. తగ్గిస్తే ఆవిడ గొంతులో అడుగునున్న బరువు కూడా పోతుందని నేను. ఆవిడ, "నేను పుట్టినప్పటి నుంచీ ఆ ఫ్రిజ్ అలాగే మోగుతోంది, ఉండనివ్వండి" అని తీర్పు చెప్పింది. చివరికి కేసెట్ పెట్టెలో పెట్టే అట్ట మీద, ఈ చప్పుడు మా చర్చి వంటగదిది అని ఒక వాక్యం వేయించాక మా యజమాని శాంతించాడు. రెండో పేచీ నాతోనే. ఆఖరి పాటలో ఒకే వరుసని ఆవిడ అదే పనిగా తిప్పి తిప్పి పాడింది, అది సగానికి తగ్గిస్తే బాగుంటుందన్నాను. "ఇది మాత్రం నీకు తెలియదు" అని నవ్వి, అలాగే ఉంచేసింది.

ఎందుకు ఉంచిందో తరవాత ఒక ఆదివారం తెలిసింది. మమ్మల్నిద్దరినీ వాళ్ల చర్చికి పిలిచింది. పట్టుచీర కింద మంచు బూట్లతో నేను, టై కట్టుకుని మా ఆయన, ఎక్కడ కూర్చోవాలో తెలియక వెనక నిలబడితే, ఎవరో పెద్దావిడ చెయ్యి పట్టుకుని ముందు వరసలోకి తీసుకుపోయింది. మమ్మల్ని పిలిచిన ఆవిడ కేసెట్‌లోని ఆఖరి పాట ఎత్తుకుంది. నేను తగ్గించమన్న ఆ వరుస దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరూ లేవడం మొదలుపెట్టారు. ఒకసారి తిప్పితే కొందరు, మళ్లీ తిప్పితే ఇంకొందరు, అందరూ లేచి గొంతు కలిపేదాకా ఆవిడ తిప్పుతూనే ఉంది. భజనలో మన ఊళ్లో జరిగేది అదే కదా! అంతమంది లేచి నిలబడటానికి పట్టే సమయం అది. హెడ్‌ఫోన్లలో ఒక్కదాన్నీ విన్నాను కనుక నాకు తట్టలేదు. నేనూ లేచాను. మా ఆయన, పాట అంటే ఆమడ దూరం ఉండే మనిషి, చప్పట్లు కొడుతూ ఉండిపోయారు.

ఆ కేసెట్ వల్ల ఆవిడకి పెద్ద పేరేమీ రాలేదు. చర్చిల్లోనూ, బ్యూటీ పార్లర్లలోనూ, పనిపోయినవాళ్లు కలుసుకునే హాళ్లలోనూ చేతులు మారింది, దగ్గర్లో కాలేజీ రేడియోలో కొన్నాళ్లు వేశారు. తరవాత ఆవిడకి ఒక స్కూలు వంటగదిలో పని దొరికింది, ఆ పని చేసుకుంటూనే మరికొన్ని కేసెట్లు తెచ్చింది. ప్రతిదానికీ తొలి కాపీ నేనే వినాలని పట్టు. మొదటి కేసెట్ అట్ట వెనక కృతజ్ఞతలు చెప్పిన చోట వాళ్ల పిన్ని పేరు పక్కన నా పేరు కూడా ఉంది, ఒక అక్షరం తప్పుతో. యజమాని భార్య నొచ్చుకుని మళ్లీ వేయిస్తానంది. నేనే వద్దన్నాను. ఈ దేశంలో నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు, ఆ అక్షరం తప్పుతో సహా అది నాకు ముద్దుగానే ఉంది.

పాడిన ఆవిడ నోటి మాట వల్ల కాబోలు, ఉన్నదున్నట్టు చెప్పే చీర ఆవిడ ఉంది అని నన్ను వెతుక్కుంటూ జనం రావడం మొదలయ్యాక, యజమాని తన నియమాన్ని ఆయనే సడలించుకున్నాడు. కొత్తగా వచ్చే కేసెట్ల గురించి నేను చెప్పే నాలుగు మాటలు ఆయన భార్య టైపు చేసి, చుట్టుపక్కల రికార్డుల దుకాణాలకి పంపేది. మా ఆయన ఉద్యోగం ఊగిసలాడి ఊగిసలాడి చివరికి నిలబడింది. మా అమ్మాయి పుట్టింది, ఆ గదిలో యంత్రాల చప్పుడే దానికి జోలపాట. ఎనభైల చివర్లో యజమాని చేతులు వణకడం మొదలై టేపు అతికించడం కష్టమైపోయాక దుకాణం మూసేశారు. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. పాడిన ఆవిడా లేదు. నాకు డ్రైవింగు, ఇంగ్లీషు, ఎదుటి మనిషి మనసు నొప్పించకుండా నిజం చెప్పడం, పోయిన నా పాట, అన్నీ ఇచ్చినవాళ్లు వాళ్లు.

ఇప్పుడు పాట చేసుకున్నవాళ్లు ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కరలేదు. చేసిన మరుక్షణం అది ఏ దేశానికైనా వెళ్లిపోతుంది, ఎంత మంచి సంగతి! అప్పుడే ఇది ఉంటే మా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎందరు వెలుగులోకి వచ్చి ఉండేవారో. నాకు బెంగల్లా ఒక్కటే, వినేవాళ్ల ముఖం వాళ్లకి కనబడదు. నేను వింటున్నంతసేపూ మా దగ్గరికి వచ్చినవాళ్లకి ఏమీ వినబడేది కాదు, హెడ్‌ఫోన్లు నా ఒక్కదానికే. అందుకని వాళ్లు ఎదురుగా కూర్చుని నా ముఖాన్ని చూస్తూ ఉండేవాళ్లు. నా కనుబొమ్మ కదిలితే ఏ పాటలో ఉన్నానో ఊహించుకునేవాళ్లు, నేను నవ్వితే వాళ్లూ నవ్వేవాళ్లు. బయట దుకాణాల్లో, బస్సుల్లో, నా బొట్టు మీదుగా చూపు దాటించి వెళ్లిపోయే ఊళ్లో, నన్ను అంత శ్రద్ధగా చూసినవాళ్లు ఆ పాటలవాళ్లే.